ద్రవ్యవేగం, ప్రచోదనం: గోళీలు, దారం, దుప్పటితో తరగతిలో నేర్పే పద్ధతి

బోర్డు మీద ‘ద్రవ్యవేగం = ద్రవ్యరాశి × వేగం’ అని రాసి, నాలుగు లెక్కలు చేయించి పాఠం ముగించడం తేలిక. కొన్నేళ్లు నేనూ అలాగే చెప్పాను. పిల్లలు లెక్కలన్నీ సరిగ్గానే చేసేవారు. ఒకరోజు తొమ్మిదో తరగతిలో ఒక ప్రశ్న అడిగాను: “ఒకే బరువున్న రబ్బరు బంతినీ మట్టిముద్దనూ ఒకే వడితో చెక్కకేసి కొట్టాం. బంతి వెనక్కి ఎగిరింది, మట్టిముద్ద అతుక్కుంది. చెక్కను ఏది గట్టిగా నెట్టింది?” తరగతి మొత్తం మట్టిముద్ద అంది. సూత్రం నోటికి వచ్చింది కానీ ద్రవ్యవేగానికి దిశ ఉంటుందన్న సంగతి వాళ్ల ఆలోచనలోకి రాలేదు. ఆ రోజు నుంచి ఈ పాఠాన్ని రెండు విషయాల చుట్టూ కట్టుకున్నాను. ద్రవ్యవేగంలో దిశ, ప్రచోదనంలో (బలం × అది పనిచేసిన కాలం) కాలం. పిల్లలు జారిపోయేది ఈ రెండు చోట్లే. కింది కృత్యాలన్నీ ఆ రెండింటి కోసమే. 45 నిమిషాల పీరియడ్లు ఐదు కేటాయించగలిగితే నిదానంగా పూర్తవుతాయి.

ముందుగా సమకూర్చుకోవలసినవి

ఒకే సైజు గాజు గోళీలు ఒక పదిహేను. అదే సైజు ఉక్కు గోళీలు రెండు మూడు. మెకానిక్ షాపులో అడిగితే పాత బేరింగుల్లోంచి తీసి ఇస్తారు. గాజు సాంద్రత కన్నా ఉక్కు సాంద్రత దాదాపు మూడు రెట్లు కాబట్టి, ఒకే సైజులో ఉక్కు గోళీ గాజు గోళీకి మూడింతల బరువు తూగుతుంది. ఈ మూడింతలే మన లెక్కలకు ప్రాణం. ఇళ్లలో కరెంటు తీగలను కప్పి గోడకు కొట్టే ప్లాస్టిక్ పట్టీ ఒక మీటరు ముక్క కావాలి. అది గోళీ దొర్లే గాడిలా పనికొస్తుంది, కొద్దిగా వంగుతుంది కూడా. వీటితోపాటు కార్బన్ కాగితాలు, తెల్లకాగితాలు, కుట్టుదారం, రబ్బరు బ్యాండ్లు, పాత దుప్పటి, బంకమట్టి, రబ్బరు బంతి, బెలూన్లు, స్ట్రాలు, టేపు తెచ్చుకోండి.

గోళీల బరువు కోసం ప్రయోగశాల త్రాసు లేకపోతే కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ త్రాసు చాలు. ఒక్క గోళీని తూచవద్దు. పది కలిపి తూచి పదితో భాగించండి. ఎందుకలా చేశామో పిల్లలతోనే చెప్పించండి, కొలతల పాఠం అక్కడే సగం అయిపోతుంది.

ఒక్క నియమం మాత్రం ప్రతి కృత్యానికీ తప్పదు. చేసి చూపే ముందు ప్రతి విద్యార్థీ తన ఊహను నోటుపుస్తకంలో రాయాలి. నోటితో చెప్పిస్తే ముందు బల్లలో కూర్చునే ఇద్దరు ముగ్గురి జవాబే తరగతి జవాబు అవుతుంది.

మొదటి అడుగు: వేలితో ఆపడం

ప్లాస్టిక్ పట్టీ ఒక చివరను పుస్తకాల దొంతర మీద 10 సెంటీమీటర్ల ఎత్తులో పెట్టండి. ఒక విద్యార్థి కళ్లు మూసుకుని కింది చివర వేలు అడ్డుపెడతాడు. మరొకరు పైనుంచి ఒకసారి గాజు గోళీని, ఒకసారి ఉక్కు గోళీని వదులుతారు. ఏది వచ్చిందో వేలితోనే చెప్పాలి. ఎవరూ తప్పు చెప్పరు.

“బరువైనది వేగంగా వచ్చింది సార్” అనే మాట తప్పకుండా వినిపిస్తుంది. వెంటనే సరిదిద్దకండి. రెండు పట్టీలు పక్కపక్కన పెట్టి రెండు గోళీలనూ ఒకేసారి వదలమనండి. రెండూ కలిసే కిందికి చేరతాయి. వడి ఒకటే అయినా ఆపడానికి ఒకటి ఎక్కువ కష్టం. తరువాత గాజు గోళీనే మరింత ఎత్తు నుంచి వదలండి. ఈసారి బరువు మారలేదు, వడి మారింది, వేలికి తగిలిన దెబ్బా మారింది. ఇంతవరకూ వచ్చాక ఆ రెండింటినీ కలిపి చెప్పే పేరొకటి కావాలని పిల్లలకే అనిపిస్తుంది. అప్పుడు ‘ద్రవ్యవేగం’ అని రాయండి. మన తెలుగు మాటలోనే ద్రవ్యమూ వేగమూ రెండూ ఉన్నాయి, పేరే సూత్రం. ఈ సౌలభ్యాన్ని మనం తగినంతగా వాడుకోవడం లేదని నాకు అనిపిస్తుంది.

రెండో అడుగు: కార్బన్ కాగితంతో కొలవడం

చాలామంది వాలు కింద కాగితపు కప్పు పెట్టి, గోళీ తగిలాక అది ఎంత దూరం జరిగిందో కొలిచి, “ఆ దూరమే ద్రవ్యవేగానికి కొలత” అంటారు. దయచేసి అలా చెప్పకండి. ఘర్షణ మీద జారి ఆగే వస్తువు జరిగిన దూరం దాని వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది. గోళీ వడి రెండింతలైతే కప్పు రెండింతలు కాదు, దాదాపు నాలుగింతలు జరుగుతుంది. అది గతిశక్తి (కదలిక వల్ల వస్తువుకు ఉండే శక్తి) కథ. ఇక్కడ పడిన చిక్కుముడి పదో తరగతి దాటినా విడదు.

దీనికి మంచి ఉపాయం ఉంది. గోళీని బల్ల అంచు నుంచి కింద పడనివ్వండి. ఏ గోళీ అయినా, ఏ వడితో అంచు దాటినా, నేలను చేరడానికి పట్టే కాలం ఒక్కటే. 75 సెంటీమీటర్ల బల్ల అయితే ఆ కాలం సుమారు 0.39 సెకను. కాబట్టి అంచు నుంచి ఎంత దూరంలో పడిందన్నది నేరుగా దాని వేగాన్ని చెబుతుంది. దూరం రెండింతలైతే వేగమూ రెండింతలే. పిల్లలు దీన్ని ఊరికే ఒప్పుకోకూడదు. అంచు మీద రెండు నాణేలు పెట్టండి. ఒకదాన్ని వేలితో ముందుకు మీటుతూ అదే క్షణంలో రెండోదాన్ని నిలువునా జారవిడవండి. నేలమీద ‘టక్’ మని ఒకే చప్పుడు వినిపించాలి. వినిపించేదాకా మూడు నాలుగు సార్లు చేయండి.

ఇక అమరిక. పట్టీని వంచి, కింది చివర పిడికెడంత మేర బల్లకు సమాంతరంగా, సరిగ్గా అంచు దాకా వచ్చేలా టేపుతో అంటించండి. చివర గోళీ పెడితే ఎటూ దొర్లకుండా నిలవాలి. ఇది సరిగా లేకపోతే మిగతా కొలతలన్నీ తప్పుతాయి. అంచు నుంచి దారానికి రాయి కట్టి వేలాడదీసి, నేల మీద సున్నా గుర్తు పెట్టండి. గోళీ పడే చోట తెల్లకాగితం, దానిపై కార్బన్ కాగితం నల్లవైపు కిందికి ఉండేలా పరచండి. గోళీ పడిన ప్రతిసారీ చక్కని చుక్క పడుతుంది. ఒకే ఎత్తు నుంచి ఐదుసార్లు వదిలి, చుక్కల గుంపు మధ్య వరకు కొలవండి.

10 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలితే దూరం సుమారు 46 సెంటీమీటర్ల దాకా రావచ్చు. ఘర్షణను బట్టి మీకు కొంత తక్కువ వస్తుంది. 46ను 0.39తో భాగిస్తే వేగం సెకనుకు 118 సెంటీమీటర్లు. గోళీ 5 గ్రాములైతే ద్రవ్యవేగం 590 గ్రాము సెంటీమీటర్/సెకను. తమ చేత్తో వదిలిన గోళీకి తామే ఒక సంఖ్య కట్టగలిగినప్పుడు పిల్లల ముఖాల్లో వచ్చే మార్పు చూడవలసిందే.

ఉక్కు గోళీని అదే ఎత్తు నుంచి వదిలితే చుక్కలు దాదాపు అదే చోట పడతాయి. వేగం ఒకటే, ద్రవ్యవేగం మూడింతలు. మొదటి అడుగులో వేలు చెప్పినదాన్ని ఇప్పుడు కాగితం చెబుతుంది.

మూడో అడుగు: ఢీకొనడం, దిశ

ముందు బంకమట్టితో మొదలుపెట్టండి. సమాన బరువున్న రెండు ముద్దలను రెండు దారాలకు కట్టి, తలుపు చట్రం నుంచి పక్కపక్కన ఆనుకునేలా వేలాడదీయండి. రెండింటినీ చెరోవైపు ఒకే ఎత్తుకు లాగి ఒకేసారి వదలండి. మధ్యలో కలుసుకుని, అతుక్కుని, నిలిచిపోతాయి. “రెండింటికీ ద్రవ్యవేగం ఉంది కదా, ఏమైంది?” అని అడిగి ఊరుకోండి. మౌనం ఎంతసేపైనా ఉండనివ్వండి. కుడి వైపు ధనాత్మకం, ఎడమ వైపు రుణాత్మకం అనుకుంటే మొత్తం ముందు కూడా సున్నానే అని ఎవరో ఒకరు పట్టుకుంటారు. పట్టుకోలేకపోతే తప్పు వాళ్లది కాదు. 1644లో తన పుస్తకం ప్రచురించిన ఫ్రెంచి తత్వవేత్త దెకార్తే కూడా పరిమాణాన్నే లెక్కించి దిశను వదిలేశాడు. ఆ లోపాన్ని 1660లలో డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ లాంటివారు సరిదిద్దవలసి వచ్చింది. ఈ సంగతి పిల్లలకు తప్పక చెప్పండి, తమ తప్పు పెద్దవాళ్లు చేసిన తప్పేనని తెలిస్తే ధైర్యం వస్తుంది.

తరువాత కార్బన్ కాగితానికి తిరిగి రండి. పట్టీ చివర అంచు మీద ఒక గోళీని నిలిపి, పైనుంచి మరో గోళీతో కొట్టించండి. మూడు రకాలుగా చేయాలి.

గాజుతో గాజు: వచ్చినది దాదాపు ఆగి అంచు కిందే రాలుతుంది, నిలిచి ఉన్నది దాదాపు పాత చుక్కల దగ్గరికే వెళ్లి పడుతుంది. గోళీలాట ఆడిన పిల్లలకు ఇది కొత్త కాదు.

ఉక్కుతో గాజు: ఉక్కు 15 గ్రాములు, గాజు 5 గ్రాములు అనుకుందాం. ఒంటరిగా వదిలితే ఉక్కు గోళీ పడే దూరం 46 సెంటీమీటర్లు. ఢీకొన్నాక ఉక్కు 24 దగ్గర, గాజు 65 దగ్గర పడ్డాయనుకోండి. పడే కాలం అన్నిటికీ ఒకటే కనుక వేగానికి బదులు దూరాన్నే వాడవచ్చు. ముందు 15 × 46 = 690. తరువాత 15 × 24 = 360, దానికి 5 × 65 = 325 కలిపితే 685. ఢీకొనక ముందూ తరువాతా మొత్తం ద్రవ్యవేగం మారదన్నదే ద్రవ్యవేగ నిత్యత్వ నియమం. మీ తరగతిలో పదో వంతు లోపు తేడా వస్తే మంచి ఫలితమే. తేడాను దాచకండి. పట్టీ ఘర్షణ ఎక్కడ చేరిందో, గోళీ పక్కకు తగిలిందేమో వెతకమనండి.

మూడోది గాజుతో ఉక్కు. నాకు ఈ మొత్తం పాఠంలో ఇదే ఇష్టమైన ఘట్టం. గాజు గోళీ వచ్చి తగిలి వెనక్కి, పట్టీ మీద పైకి దొర్లుతుంది. అది మళ్లీ దిగి వచ్చి కాగితం మీద పడకుండా ఒకరు చేత్తో పట్టుకోవాలి. ఉక్కు గోళీ 22 సెంటీమీటర్ల దగ్గర పడిందనుకోండి. ఇప్పుడు లెక్క వేయండి. ముందు ఉన్నది 5 × 46 = 230. తరువాత ఒక్క ఉక్కు గోళీ దగ్గరే 15 × 22 = 330! ఇచ్చినదానికన్నా పుచ్చుకున్నది ఎక్కువ. నియమం తప్పిందని తరగతి గోల చేస్తుంది. చేయనివ్వండి. వెనక్కి వెళ్లిన గాజు గోళీ లెక్కలో రుణాత్మకం. 330లోంచి 100 తీస్తేనే 230. అంటే గాజు గోళీ వెనక్కి తిరిగిన వేగం 20 సెంటీమీటర్ల దూరానికి సమానం. కొలవని దాన్ని నియమంతో కనుక్కున్నాం. ఈ ఒక్క లెక్క చేసిన పిల్లలు ఆ తరువాత రుణ గుర్తును పరీక్ష కోసం పెట్టే గీతగా చూడరు.

గోళీలు నేలంతా దొర్లితే కాలుజారి పడే ప్రమాదం ఉంది. కాగితం చుట్టూ మడత పెట్టిన దుప్పటిని గోడలా పరచండి. యాభై అరవై మంది ఉన్న తరగతిలో ఆరుగురికి ఒక జట్టు చేసి, వదిలేవారు, పట్టేవారు, కొలిచేవారు, రాసేవారు అని పనులు పంచి, ప్రతి మలుపులోనూ మార్చండి. లేకపోతే ఆడపిల్లల చేతికి ఎప్పుడూ పెన్నే, మగపిల్లల చేతికి ఎప్పుడూ గోళీలే వస్తాయి. ఇది నేను చాలాసార్లు చూశాను.

నాలుగో అడుగు: కాలం చేసే మేలు

ప్రచోదనం అన్న మాట పిల్లలకు కొరుకుడు పడదు. గాయత్రీ మంత్రంలోని ‘ప్రచోదయాత్’లో ఉన్న ధాతువే ఇది. ప్రేరేపించడం, ముందుకు నడిపించడం దాని అర్థం. భౌతికశాస్త్రంలో బలాన్నీ, అది పనిచేసిన కాలాన్నీ గుణిస్తే వచ్చేది ప్రచోదనం, అది ద్రవ్యవేగంలో వచ్చిన మార్పుకు సమానం. న్యూటన్ 1687లో తన రెండో నియమాన్ని చెప్పినది కూడా త్వరణంతో కాదు, చలనంలో వచ్చే మార్పుతోనే.

ముందు దారం కృత్యం. సుమారు 200 గ్రాముల రాయిని కుట్టుదారంతో కట్టి వేలాడదీయండి. దారం దాన్ని హాయిగా మోస్తుంది. రాయిని 15 సెంటీమీటర్లు పైకెత్తి వదలండి, దారం పుటుక్కుమంటుంది. ఇప్పుడు అదే దారం మధ్యలో రబ్బరు బ్యాండు ముడివేసి, అంతే ఎత్తు నుంచి వదలండి. తెగదు. రాయి అదే, ఎత్తు అదే, ఆగవలసిన ద్రవ్యవేగం దాదాపు అదే. మారినది ఆగడానికి పట్టిన కాలం. దారాల గట్టిదనం రకరకాలుగా ఉంటుంది కాబట్టి రాయి బరువు, ఎత్తు ముందురోజు ఇంట్లో సరిచూసుకోండి. రాయి కింద ఇసుక పళ్లెం పెట్టండి, కాళ్లు దూరంగా ఉండాలి.

తరువాత గుడ్డు. ఇద్దరు పిల్లలు దుప్పటి పై మూలలు పట్టుకుంటారు, మరో ఇద్దరు కింది అంచును ముందుకు ఎత్తి తొట్టిలా పట్టుకుంటారు. మూడు నాలుగు మీటర్ల దూరం నుంచి గుడ్డును దుప్పటి మధ్యలోకి బలంగా విసరమనండి. పగలదు. ఇంకా గట్టిగా విసిరినా పగలదు. మధ్యాహ్న భోజనం గుడ్డును మాత్రం దీనికి వాడకండి, అది పిల్లల తిండి. కొట్లో ఒకటి కొనండి, పలుచని పాలిథిన్ సంచిలో కట్టి వాడండి. గుడ్డు వద్దనుకుంటే నీళ్లు నింపిన బెలూను చాలు.

లెక్క చేయించండి. గుడ్డు 50 గ్రాములు, వేగం సెకనుకు 10 మీటర్లు అనుకుంటే ద్రవ్యవేగం 0.5 కిలోగ్రాము మీటర్/సెకను. దుప్పటి అర మీటరు వెనక్కి సాగి ఆపితే, సగటు వేగం 5 మీటర్లు కనుక పట్టిన కాలం 0.1 సెకను. సగటు బలం 5 న్యూటన్లు, అంటే అరకిలో బరువంత. అదే గుడ్డు గోడ దగ్గర 2 సెంటీమీటర్లలో ఆగిందనుకుంటే కాలం 0.004 సెకను, బలం 125 న్యూటన్లు.

కాలాన్ని ఇలా దూరం నుంచి రాబట్టించడం ముఖ్యం. క్రికెట్ బంతి లెక్కల్లో 0.2 సెకను అని తోచినట్టు వేసేస్తుంటారు. సెకనుకు 20 మీటర్ల వేగంతో వచ్చే బంతిని ఆపడానికి అంత కాలం తీసుకుంటే చేతులు రెండు మీటర్లు వెనక్కి వెళ్లాలి. ఏ చేయీ అంత దూరం వెళ్లదు. 0.16 కిలోగ్రాముల బంతిని చేతులు బిగబట్టి 5 సెంటీమీటర్లలో ఆపితే 0.005 సెకను, 640 న్యూటన్లు. చేతులు 40 సెంటీమీటర్లు వెనక్కి లాగితే 0.04 సెకను, 80 న్యూటన్లు. ఈ రెండింటినీ గ్రాఫు కాగితం మీద బలం నిలువుగా, కాలం అడ్డంగా గీయమనండి. ఒకటి సన్నగా ఎత్తుగా, మరొకటి పొట్టిగా వెడల్పుగా వస్తాయి. వైశాల్యం రెండింటిదీ 3.2 న్యూటన్ సెకన్లు.

మన చుట్టూ ఉన్న పనులను పిల్లలతోనే రెండు వరుసల్లో రాయించండి. కాలాన్ని పెంచేవి ఒక వరుస: లాంగ్‌జంప్ ఇసుక గుంత, ఎత్తు నుంచి దూకి మోకాళ్లు వంచడం, కుండల కింద పరిచే గడ్డి. తగ్గించేవి మరో వరుస: సుత్తి దెబ్బ, బండకేసి బట్ట బాదడం, కొబ్బరికాయ కొట్టడం. రెండో వరుసను చాలామంది మరిచిపోతారు. ప్రచోదనం అంటే దెబ్బ తగ్గించుకోవడమే అన్న పొరపాటు అక్కడే పుడుతుంది.

ఐదో అడుగు: బంతి, మట్టిముద్ద, ఒక చెక్క

మొదట అడిగిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు చూపాలి. రబ్బరు బంతినీ, సరిగ్గా అంతే బరువున్న బంకమట్టి ముద్దనూ సమాన పొడవున్న దారాలకు కట్టండి. ఒక మందపాటి చెక్కను నిలువుగా నిలబెట్టి, దాని పైభాగానికి తగిలేలా మట్టిముద్దను వదలండి. చెక్క కొద్దిగా ఊగి నిలబడేంత ఎత్తును ఓపికగా కనుక్కోండి. ఊహలు రాయించి, అదే ఎత్తు నుంచి బంతిని వదలండి. చెక్క పడిపోతుంది.

సంఖ్యలతో చూస్తే, 0.1 కిలోగ్రాము, సెకనుకు 2 మీటర్ల వేగం. మట్టిముద్ద ద్రవ్యవేగం 0.2 నుంచి సున్నాకు వచ్చింది, మార్పు 0.2. బంతి 1.5 మీటర్ల వేగంతో వెనక్కి తిరిగితే 0.2 నుంచి మైనస్ 0.15కు వెళ్లింది, మార్పు 0.35. ఆపడానికి కొంత ప్రచోదనం, వెనక్కి పంపడానికి మరికొంత. జలవిద్యుత్తు కోసం వాడే పెల్టన్ చక్రం గిన్నెలు నీటిధారను వెనక్కి మళ్లించేలా మలచినది ఇందుకే. దాని పేటెంటు 1880 నాటిది.

బెలూను రాకెట్టుకు పది నిమిషాలు చాలు. ఐదు మీటర్ల దారానికి స్ట్రా ఎక్కించి, ఊదిన బెలూనును దానికి టేపుతో అంటించి వదలండి. గాలి వెనక్కి, బెలూను ముందుకు, మొత్తం ద్రవ్యవేగం మొదట్లాగే సున్నా. శ్రీహరికోట నుంచి లేచే రాకెట్టు కింది గాలిని నెట్టి లేస్తుందని చెప్పేవాళ్లు ప్రతి తరగతిలోనూ ఉంటారు. గాలే లేని అంతరిక్షంలో అది ఎలా వేగం పుంజుకుంటుందో అడగండి. వాయువులను వెనక్కి చిమ్మితేనే తాను ముందుకు కదులుతుందన్నది వాళ్లే చెబుతారు.

నేర్చుకున్నారో లేదో చూడటం

చివరి పీరియడులో లెక్కల పేపరు ఇవ్వను. బల్ల మీద ఒక పాత హెల్మెట్టు పెడతాను. పైపెంకు, లోపలి తెల్లటి థర్మాకోల్ లాంటి పొర, మెత్తటి గుడ్డ విడివిడిగా కనిపించాలి. మూడు ప్రశ్నలు రాస్తాను. తల ఆగవలసిన కాలాన్ని ఏ పొర పెంచుతుంది, ఎలా? ఆ పొర స్థానంలో బంతిలా ఎగిరే గట్టి రబ్బరు పెడితే తలకు మేలా, కీడా? ఒకసారి గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్టు పైకి బాగానే కనిపించినా మళ్లీ ఎందుకు వాడకూడదు?

మూడో ప్రశ్నకు, నలిగిన పొర మళ్లీ ఉబ్బదు కనుక ఈసారి నలగడానికి దూరం మిగలదని, దూరం తగ్గితే కాలం తగ్గుతుందని, కాలం తగ్గితే బలం పెరుగుతుందని రాసిన జవాబుకు పూర్తి మార్కులు. రెండో ప్రశ్నకు ఐదో అడుగులో పడిపోయిన చెక్కను గుర్తుచేసుకుని రాసినవారి పేపర్లను పక్కన పెట్టి, మరుసటి రోజు తరగతిలో వాళ్లతోనే చదివిస్తాను.